చార్జి అప్పగించకుండా వెళ్ళరాదు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాఖల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది ఎవరో దయదలచి ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఈసారి పెన్షన్ కాక మరో విషయం మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. విమానాల గురించి చెబుతానంటే నవ్వి, "రైలే రాని ఊళ్ళో విమానాల ముచ్చటెందుకండీ?" అన్నారు. ఎందుకో మనవి చేస్తాను.

సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. 65వ నంబరు జాతీయ రహదారి, ఆర్టీసీ బస్సు, ఇవే ఆధారం. మిర్యాలగూడకు రైలుంది గనుక వారు కొంత అదృష్టవంతులు. పిల్లలు దూరదేశాల్లో ఉన్న మన ఇళ్ళకు విమానమంటే అటు శంషాబాద్, ఇటు గన్నవరం. ఇక వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది పూర్తయిన నాడు మనకూ దగ్గరలో మరొకటి ఉంటుంది. అలాంటి చోటికి చిన్న విమానాలు నడిపే ప్రాంతీయ కంపెనీలు రావచ్చు. వస్తే సంతోషమే. కాని వచ్చిన కంపెనీ రేపు దివాలా తీస్తే ఆ ఊరివాళ్ళ గతేమిటన్నది ఈనాడే అడగవలసిన ప్రశ్న.

మన దగ్గర జరిగిన సంగతులే చూద్దాం. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా మొదలైంది. మనవాళ్ళు పెట్టిన కంపెనీ అని అందరం సంతోషించాం. విమానాలు అద్దెకిచ్చిన వారికి బాకీలు పేరుకుని, 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగిపోయాయి. మళ్ళీ ఎగరలేదు.

హైదరాబాదు నుంచి 2015 జూలైలో ట్రూజెట్ బయలుదేరింది. కేంద్రం ఉడాన్ పథకం తెచ్చాక, 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లా నుంచి జెండా ఊపి ప్రారంభించిన వాటిలో ఈ కంపెనీ నడిపిన కడప, నాందేడ్ సర్వీసులున్నాయి. అప్పట్లో గంట ప్రయాణానికి 2500 రూపాయలు, విమానంలో సగం సీట్ల దాకా ఆ ధరకే. కంపెనీకి వచ్చే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఆ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదు. పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాలపై వేసిన రుసుము నుంచి, రాష్ట్రాల వాటా నుంచి వస్తుంది. అంటే అది ప్రజల సొమ్మే. ట్రూజెట్ కూడా డబ్బు ఇబ్బందులతో 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

ఆ తర్వాత ఏమైందో గమనించండి. కడపకు 2022 మార్చి 27 నుంచి ఇండిగో విమానాలు వచ్చాయి. లోటు భరిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుగానే ఒప్పందం చేసుకుని ఉండడం వల్ల ఇది సాధ్యమైంది. నాందేడ్‌కు అలాంటి ఏర్పాటు లేదు. హైదరాబాదు విమానం తిరిగి రావడానికి 2024 దాకా పట్టింది. రెండు ఊళ్ళకూ ఒకే రోజున జెండా ఊపారు, రెండింటికీ ఒకే కంపెనీ. ఒక ఊరికి వెంటనే మరొకరు దొరికారు. రెండో ఊరు రెండేళ్ళు ఎదురుచూసింది. ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి పెట్టడమే తేడా.

ఇది ఒకటి రెండు ఊళ్ళ కథ కాదు. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. ఉడాన్ మూడో విడత దాకా 774 మార్గాలు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తి చేసుకున్నవి 112. సాయం ఆగిన తర్వాత కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54.

మనమంతా ఆఫీసుల్లో జీవితం గడిపినవాళ్ళం. బదిలీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన గుమాస్తా కుర్చీలోంచి లేచి వెళ్ళిపోవడానికి వీలుండేదా? పర్సనల్ రిజిస్టరు, పెండింగు కాగితాల జాబితా, క్యాష్‌బుక్ నిల్వ, బీరువా తాళాలు, అన్నీ రాసి వచ్చినవారికి అప్పగించి, ఇద్దరూ సంతకాలు చేసిన తర్వాతే రిలీవ్ చేసేవారు. వచ్చేవారు ఆలస్యమైతే పక్క సీటు వారికి ఇన్‌చార్జి ఇచ్చేవారు. మనిషి మారినా సీటు ఖాళీగా ఉండకూడదన్నది నియమం. ఎందుకంటే ఆ సీటు గుమాస్తాది కాదు, కాగితం పట్టుకుని వచ్చే రైతుది.

ఒక ఊరి సర్వీసు కూడా అలాంటిదే. ప్రజల సొమ్ముతో నడిచిన మార్గం కంపెనీ సొంత ఆస్తి కాదు, ఆ ఊరిది. కంపెనీ పోవచ్చు. చార్జి అప్పగించకుండా మాత్రం పోరాదు. నేను చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

ఇప్పుడు మన చట్టం ఎవరిని కాపాడుతోంది? విమానాలు అద్దెకిచ్చిన వారిని కాపాడుతోంది. 2023 మేలో గో ఫస్ట్ దివాలా దరఖాస్తు పెట్టుకున్నప్పుడు అద్దెదారులు తమ విమానాలు తీసుకుపోలేక కోర్టుకు వెళ్ళారు. తర్వాత 2023 అక్టోబరులో ఒక నోటిఫికేషన్, 2025లో ఏకంగా ఒక పార్లమెంటు చట్టం వచ్చాయి. వారి ఆస్తి వారికి దక్కాలి, కాదనను. ఉద్యోగుల పి.ఎఫ్., గ్రాట్యుటీ నిధులను దివాలా ఆస్తిలో కలపరాదని దివాలా చట్టంలోనే ఉంది. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల పి.ఎఫ్., గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలన్న ట్రిబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరిలో నిలబెట్టింది. కాని ఆ కంపెనీ 2019 ఏప్రిల్‌లో ఆగితే, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చమని కోర్టు చెప్పేసరికి 2024 నవంబరు వచ్చింది. కాగితం మీద హక్కుకు, చేతికొచ్చిన రూపాయికి మధ్య ఎంత దూరమో మనకు తెలియనిది కాదు. టిక్కెట్టు కొన్నవాడైతే బాకీల వరుసలో దాదాపు చివరన నిలబడతాడు. ఊరికైతే ఆ వరుసలో చోటే లేదు.

ఇతర దేశాలవారు ఏం చేశారో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో 1978లో విమానయానంపై నియంత్రణలు ఎత్తివేసినప్పుడే చిన్న ఊళ్ళ కోసం ఒక ఏర్పాటు చేశారు. ఆ ఊరికి మిగిలిన ఆఖరి విమానాన్ని ఆపదలచిన కంపెనీ 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మరొకరు దొరికేదాకా నడపమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఆస్ట్రేలియాలో రెక్స్ అనే ప్రాంతీయ కంపెనీ 2024 జూలైలో కుదేలైంది. పెద్ద నగరాల మధ్య జెట్ సర్వీసులు ఆపేశారు గాని, పల్లె ప్రాంతాలకు వెళ్ళే చిన్న విమానాలను ఆగనివ్వలేదు. ఆ టిక్కెట్లకు ప్రభుత్వం పూచీ పడింది, నవంబరులో 8 కోట్ల డాలర్ల దాకా అప్పు ఇచ్చింది. ఏది ఆగినా ఫరవాలేదో, ఏది ఆగరాదో వారు వేరు చేసి చూశారు.

"నష్టమొచ్చే వ్యాపారం ఎవరు మాత్రం ఎన్నాళ్ళు నడుపుతారు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సొంత డబ్బుతో నడిపేవారిని నేనేమీ అడగను. ప్రజల సొమ్ము పుచ్చుకున్నవారు మాత్రం కొన్ని షరతులకు లోబడాలి. ఒకటి, ఆపదలచితే 90 రోజుల ముందు జిల్లా కలెక్టరుకు, ప్రజలకు తెలపాలి. రెండు, వారు తప్పుకుంటే ఎవరు నడపాలో మొదటి ఒప్పందంలోనే రాసి ఉంచాలి. మూడు, ప్రయాణం జరిగేదాకా టిక్కెట్టు డబ్బును వేరే ఖాతాలో ఉంచాలి. నాలుగు, సిబ్బందికి మూడు నెలల జీతం ముందే డిపాజిట్ చేయాలి. ఐదు, మూడేళ్ళ సాయం ముగియడానికి ఆరు నెలల ముందే ఆ మార్గం భవిష్యత్తును సమీక్షించాలి.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. తప్పెవరిదన్నది ఇప్పుడు చర్చ కాదు. హైదరాబాదు ఆసుపత్రులకు వెళ్ళవలసిన మన ఊళ్ళ పెద్దలు ఎంత అవస్థ పడ్డారో మీరే చూశారు. అయినా సమ్మె ముగిశాక బస్సు తిరిగి వచ్చింది, ఎందుకంటే ఆర్టీసీ ప్రజల సంస్థ. దివాలా తీసిన కంపెనీ విమానం అలా రాదు. అందుకే ముందుజాగ్రత్త అంటున్నాను.

మన మూడు పట్టణాలూ నల్లగొండ పార్లమెంటు నియోజకవర్గంలోనే ఉన్నాయి. ఈ ఐదు షరతులనూ ఒక తీర్మానంగా రాసి మన ఎంపీగారికి, విమానయాన శాఖకు పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. మామునూరులో మొదటి విమానం దిగకముందే పంపాలి. అర్జీ రాయడం, రసీదు తీసుకోవడం, జవాబు వచ్చేదాకా రిమైండర్లు వేయడం మనకెవరూ నేర్పనక్కరలేదు. సభ్యులు ఆమోదిస్తే చిత్తుప్రతి నేను రాసిస్తాను.