కొలిచిందే రాయమన్న సారు

మైకు ముందు నిలబడితే ఇప్పటికీ ప్రార్థనలో పేపరు చదవడానికి వచ్చినట్టే ఉంది.

నువ్వు చేసే పని ఏందిరా అని మొన్న మా బాబాయి అడిగాడు. ఆయనకు మైపాడు దగ్గర రొయ్యల గుంటలున్నాయి, కాబట్టి ఆ భాషలోనే చెప్పాను. మీకూ అదే చెబుతా. జెనీవా దగ్గర సెర్న్‌లో ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టిస్తారు. లోపలి క్వార్కో, గ్లూఆనో ఎగిరిపడితే ఒంటరిగా బయటికి రాదు, కణాల గుంపుగా ఒకే దిక్కుకు చిమ్ముతుంది. ఆ గుంపే జెట్. ఏ శక్తి దగ్గర ఎన్ని జెట్లు వచ్చాయో లెక్కేస్తే అది వర్ణపటం. చిన్నవి కోకొల్లలు, పెద్దవి బహు తక్కువ. స్వీడన్‌లో పుట్టిన పైథియా లాంటి ప్రోగ్రాం అవే ఢీలను కంప్యూటర్లో జరిపి ఇంకో వర్ణపటం ఇస్తుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం నా పని.

విసురు వలలో చిన్న రొయ్యలు జారిపోతాయి. వలలో పడ్డవే గుంటలో ఉన్నవనుకుంటే కౌంటు తప్పుతుంది. మా డిటెక్టరూ ఒక వలే. అందుకని కంప్యూటర్ రొయ్యల్ని కూడా కంప్యూటర్ వలలో వేసి, ఆ తర్వాతే పోలుస్తాం. "మరి కాటా సరిగ్గా ఉందా?" అన్నాడు బాబాయి. అసలు సంగతి అదే! శక్తి కొలతలో ఒక్క శాతం తేడా వస్తే జెట్ల లెక్క ఐదారు శాతం మారిపోతుంది.

1996లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో సీడీఎఫ్ బృందం, పెద్ద జెట్లు అంచనాకన్నా ఎక్కువ వచ్చాయని ప్రకటించింది. క్వార్కు లోపల ఇంకేదో ఉందేమోనని అందరూ చెవులు రిక్కించారు. చివరికి, ప్రోటాన్‌లో ఎక్కువ ఊపున్న గ్లూఆన్ల వాటాను మనమే తక్కువ వేసుకున్నామని తేలింది. కొలత నిలబడింది, అంచనా మారింది.

పరిశోధన తొలి ఏడాది నాకూ అలాంటి 'ఎక్కువే' కనబడింది. రెండు రాత్రులు నిద్రలేదు. సిమ్యులేషన్‌లో ఒక అంకెను గుట్టుగా జరిపితే రెండు గీతలూ కలిసిపోయేవి. చెయ్యి అటు పోయింది కూడా. అప్పుడు సైన్సు సారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో లోలకం ప్రయోగం చేస్తే నాకు గురుత్వ త్వరణం 950 వచ్చింది, రికార్డులో 980 అని రాశాను. సారు నన్ను కొట్టలేదు, పేజీని కొట్టేశారు. "కొలిచింది రాయి. ఎందుకు తగ్గిందో తర్వాత వెతుకు" అన్నారు. వెతికితే, నేను దారం వరకే కొలిచాను, గుండు మధ్యదాకా కొలవలేదు. అర మీటరులో ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ!

ఆ రాత్రి అంకె ముట్టకుండా వెతికాను. నేను వాడిన శక్తి సవరణ ఫైలు పాతది. కొత్తది పెట్టగానే నా 'ఎక్కువ' ఆవిరైపోయింది. తెల్లారి రెండు గ్రాఫులూ తీసుకెళ్ళి గైడు ముందు పెట్టాను.

సారు ఇవాళ మొదటి వరుసలోనే ఉన్నారు. ఆ రికార్డు తెచ్చాను సార్, కొట్టేసిన పేజీ అలాగే ఉంది.