కొర్రమట్టకు గాలం



తొలకరి పడి నారింజ వాగులోకి, మన జహీరాబాదు చుట్టుపట్ల కుంటల్లోకి కొత్తనీరు చేరితే చాలు, గాలపు కర్ర పట్టుకొని గట్టున కూర్చోనివారు అరుదు. అందరి ఆశా కొర్రమట్ట మీదనే. కోస్తావారు దీనినే కొరమీను అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

మొదట గుర్తులు చెబుతాను. తల పాముతలవలె చదునుగా ఉండి, దాని మీద కూడా పొలుసులుంటాయి. వీపు మీది రెక్క తల వెనుకనుంచి తోకదాకా ఒకటే పొడవు, దానిలో ముళ్లుండవు. తోక గుండ్రన. పక్కల నల్లని ఏటవాలు చారలు, పొట్ట తెలుపు. ఎదిగిన చేపకు తోక మొదట్లో కన్నువంటి మచ్చ ఉంటే అది పూమీను. చిన్న చేపయై ఒంటినిండా నల్లచుక్కలుంటే మట్టగిడస. మూడూ ఒకే కుటుంబానివే.

ఈ చేపకు మొప్పల గాలి చాలదు. మాటిమాటికి పైకివచ్చి గాలి మింగిపోతుంది. తుంగ పక్కన నీళ్లు బుడుంగుమన్నచోట అది ఉన్నదన్న మాట.

దారం గట్టిదై ఉండవలెను. ఎరగా ఎర్రలుగాని, బతికిన చిన్న పరకగాని గుచ్చి, పొద్దున లేదా మునిమాపున తుంగ అంచున వేయండి. బెండు మునగగానే గుంజవద్దు. మింగనిచ్చి, ఒక్క ఊపున లాగండి. పళ్లు వాడిగా ఉంటాయి, వేలు నోట్లో పెట్టకండి.

చెరువు మత్స్య సహకార సంఘానిదైతే వారిని అడిగి వేయండి. సింగూరు దిగువన 1978లో ఏర్పడిన మంజీరా అభయారణ్యంలో మాత్రం గాలం మాటే వద్దు. అది మొసళ్ల తావు.

ఇక అసలు సంగతి. వానకాలంలో కొర్రమట్టలు గడ్డి నడుమ గూడు చేసి, తేలే గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిమీద తిరుగుతుంటే పెద్దచేప అడుగున కావలి కాస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒక కుంటలో అట్టి గుంపు చూచి, దాని నడుమనే గాలం వేసినాను. వేసీవేయగానే పెద్ద చేప పడింది. ఆకలికి కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని పైబడ్డది. గట్టున ఉన్న ముసలాయన, “సారూ, కావలిని ఎత్తుకపోతివి గదా!” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మరునాడు పోయి చూస్తే గుంపు జాడ లేదు. కావలి లేని పిల్లలు తక్కిన చేపల నోట పడ్డాయి. నాకు దక్కింది ఒక్క పూట కూర. ఆ కుంట పోగొట్టుకున్నది వందల చేపలు.

కాబట్టి ఎర్రగుంపు కనబడితే గాలం చుట్టేయండి. పిల్లలు ఎరుపు వదిలి ఎవరిదారిన వారు పోయేదాకా ఆగండి. పక్కన కూర్చున్న పిల్లలకూ ఆ గుంపును చూపి, ఎందుకు ఆగుతున్నామో చెప్పండి. వచ్చే ఏడు వారికీ గాలానికి చేప దొరకవలెను గదా!

సెలవు.