కరెంటు షాక్ తగిలితే ముందు మెయిన్, తర్వాతే మనిషి

రిటైరై ఊరికెళ్లాక మనలో చాలామందికి పొలం, మోటారు, స్టార్టరు డబ్బా తప్పవు. అక్కడ ఒకరికి షాక్ కొడితే, కాపాడబోయి ముట్టుకున్న రెండోవాడి ప్రాణమూ పోవచ్చు. మనకేమో ఆపద చూడగానే పరుగెత్తే అలవాటు, అందుకే చెబుతున్నాను. ముందు మెయిన్ ఆపండి. స్టార్టరు ఎర్ర బొత్తాం నొక్కితే మోటారు ఆగుతుంది గాని డబ్బాలో కరెంటు పోదు. మూడు ఫేజులైతే ఫ్యూజులు మూడూ పీకాలి. అదీ కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి ఎండు కర్రతో తీగను నెట్టండి. పచ్చి కర్ర పనికిరాదు. తెగిపడింది 11 కె.వి. లైనైతే మాత్రం ఏ కర్రా కాపాడదు. దూరంగానే ఉండి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాలి.

విడిపించాక పిలిచి చూడండి. పలకకుండా, ఊపిరి సరిగా ఆడకుండా ఉంటే ఒకరిని 108కి ఫోన్ చేయమని, మీరు రొమ్ము మధ్యన రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు. యూనిట్‌లో నేర్పిందే. కాళ్లు రుద్దుతూ, నీళ్లు తాగిస్తూ కూర్చుంటే ఉన్న నాలుగు నిమిషాలూ అయిపోతాయి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా వినకండి. పైన కాలిన మచ్చ చిన్నదే ఉండొచ్చు, లోపల గుండె లయ తప్పి ఉండొచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.