పసిబిడ్డకు ఏవి కొనవలెను?

(డెంకణికోటలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము గుడ్డల అంగడివారము. అంగడివాడే లేచి "ఇది కొనకుడు, అది కొనకుడు" అని చెప్పుట వింతగా నుండును. అయినను కార్యదర్శిగారు ఈ విషయమునే కోరినారు. మాటాడుటకు మాకును కారణము కలదు. ఇటీవల మన కుటుంబములలో తొలికాన్పు అనగానే హోసూరుకో బెంగుళూరుకో పోయి, ఒక్క పూటలో తోపుడుబండి, స్ప్రింగు ఉయ్యాల, పాలసీసాల పెట్టె, నడకబండి కొనితెచ్చుట పరిపాటి యగుచున్నది. కొందరు వాయిదాల మీద కూడ కొనుచున్నారు. బిడ్డ పుట్టకముందే అప్పు పుట్టుచున్నది.

కాన్పునకు ముందు ఏమియు కొనరాదని మన ముసలమ్మ లనెడివారు. దిష్టి భయమని మనము నవ్వుదుము గాని, అందొక వ్యాపారనీతి కూడ కలదు. చూడని సరకునకు కొలత తీయరాదు. బిడ్డ రెండుంబావు కిలోలు తూగునో, మూడున్నర తూగునో ముందు ఎవరెరుగుదురు? మూడు నెలలు తిరుగునప్పటికి చొక్కా కొలత రెండుమార్లు మారును. కావున జరీ చొక్కా ఒకటి చాలును. అదియు నామకరణము నాటి ఫోటో కొరకు. ముందు వెనుకలు విప్పుకొనగల నూలు చొక్కాలు అరడజను, ఉతికి మెత్తబడిన పాత పంచెలు, చీరెలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు ముప్పది యుండిన చాలును. ముప్పది ఎందుకందురా? మన సీమ సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ముసురు పట్టిన దినములలో గుడ్డ ఆరదు. కాగితపు లంగోటీలు రోజునకు ఎనిమిది చొప్పున లెక్కించినను నెలకు 240 కావలెను. ప్రయాణమునకు, రాత్రికి వాడుకొనుడు, తప్పులేదు. పొత్తిగుడ్డ వలన ఇంకొక లాభము కలదు. మొదటి వారము గడచిన పిమ్మట రోజునకు ఆరు గుడ్డలైనను తడిసినచో తల్లిపాలు చాలుచున్నవని తెలియును.

ఇక ఉయ్యాల. చీరె ఉయ్యాలను నాగరికులు నిందించుచున్నారు, మేము నిందింపము. మన తల్లులందరు అందే పెరిగినారు. కాని దాని గుణదోషములు తెలిసి కట్టవలెను. నైలాను చీరె జారును, గాలి చొరనీయదు, నూలుచీరెయే కట్టవలెను. పైన రెండంచుల నడుమ కర్ర దూర్చి చీరెను విడదీయవలెను. లేనిచో బిడ్డ ముడుచుకొని, గడ్డము రొమ్మునకు ఆని, ఊపిరి సలుపదు. పొయ్యికి దూరముగా, నేలకు దగ్గరగా కట్టవలెను. బిడ్డ లేనపుడు చీరెను తీసి మడిచిపెట్టవలెను. ఇది ముఖ్యము. ఖాళీ ఉయ్యాలలో గిరగిర తిరుగుచు ఆడుకొను పెద్దపిల్లల మెడకు చీరె చుట్టుకొని ప్రాణములు పోయిన సంగతులు వైద్యుల పత్రికలలో అచ్చైనవి.

అలసిన బిడ్డను ఉయ్యాలలో నిద్రపుచ్చి, రాత్రి నిద్రకు మాత్రము తల్లి ప్రక్కనే గట్టి సమతలపు పరుపుపై వెల్లకిల పరుండబెట్టుట మేలు. అమెరికాలో 1994 నుండి బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని ప్రచారము చేయగా, నిద్రలో హఠాత్తుగా మరణించు శిశువుల సంఖ్య దాదాపు సగమునకు తగ్గినది. పెట్టెమంచముల చుట్టు కట్టు మెత్తని దిండ్లను, ఏటవాలు పడకలను 2022 లో అచట చట్టముచే నిషేధించినారు. ఆ దిండ్లే మన అంగళ్లలో "సెట్టు" పేరిట అమ్ముడగుచున్నవి. పసిబిడ్డకు దిండే అక్కరలేదు.

పాలసీసా మాట వచ్చినది. మన దేశమున 1992 లో చట్టము చేసి, 2003 లో దానిని బిగించినారు. పాలసీసాలకు, పాలపొడికి ప్రకటన చేయరాదు, కానుక లీయరాదు, ఉచితముగా పంచరాదు. "ఇంత సరకు కొన్నవారికి సీసా ఇనాము" అను వర్తకుడు చట్టము మీరుచున్నవాడే. తోటి వర్తకులు కోపగించినను చెప్పక తప్పదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప నీళ్లు, తేనె, గ్రైపువాటరు, వస ఏవియు వలదు. బాగుగా మాటాడు పిల్లను వసపిట్ట యనుట మన నుడికారము. అది నుడికారముగానే యుండనిండు. వైద్యుడు పిండిన పాలు పట్టుమన్నచో మన ఉగ్గుగిన్నె కలదు. తమిళులు దానిని పాలాడై యందురు. రబ్బరు పీకలో నిలుచు మురికి దానికి లేదు. కడుగుట సులభము, వేడినీట కాగబెట్టుటయు సులభము. నెల తక్కువ బిడ్డలకు ఆస్పత్రులలో నేడు దానితోనే పాలు పట్టుచున్నారు.

ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పైనవారికి 2015 లో తమిళనాడు ప్రభుత్వము 16 వస్తువుల పెట్టె నిచ్చుట ఆరంభించినది. అందు తువ్వాలు, చొక్కా, పరుపు, దోమతెర, గోళ్లు తీయు కత్తెర, తల్లి చేతులు కడుగుకొను సబ్బునీరు, శొంఠి లేహ్యము గలవు. పాలసీసా లేదు, తోపుడుబండి లేదు. ఫిన్లాండు దేశమున 1938 లో పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికి ఇట్టి పెట్టెనే ఇచ్చిరి. ఆ అట్టపెట్టెయే బిడ్డకు తొలి పడకగా నుండెను. ముత్తులక్ష్మి రెడ్డి పేర గర్భిణులకు ఇచ్చు సాయమును 2018 లో 18,000 రూపాయలు చేసినారు. అది తల్లి తిండికై ఇచ్చు సొమ్ము. ఆ సొమ్ముతో బండి కొని తల్లికి గ్రుడ్లు, పప్పు, ఆకుకూర తగ్గించిన యిండ్లను మేము చూచితిమి. అత్తగార్లు దయచేసి వినవలెను.

నడకబండిని ఇప్పుడు కానుకగా ఇచ్చుటయే తొందర. కెనడాలో 2004 నుండి దాని అమ్మకమే నిషిద్ధము. గిలకను సైతము మూడవ నెలకు ముందు బిడ్డ పట్టలేదు. బేటరాయస్వామి రథోత్సవమున కొనునపుడు రంగు గోటికి ఊడుచున్నదేమో చూడుడు. 2021 జనవరి నుండి కర్మాగారపు బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర యుండవలెను. ఏటికొప్పాక లక్కగిలక దొరికిన మరియు మంచిది.

ఒక్క వస్తువు మాత్రము తప్పక కొనుడు: అంకెలు చూపు జ్వరమాపకము. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు దాటినచో ఇంటివైద్యము వలదు, ఆ రాత్రియే ఆస్పత్రికి పోవలెను.

పాటలు పాడు ప్లాస్టికు బొమ్మలను గూర్చి ఒక మాట. పుట్టి రెండు దినములైన బిడ్డ తల్లిభాషను పరభాషనుండి వేరుపరచి, తల్లిభాషయే వినగోరునని 1993 లో పరిశోధకులు ప్రకటించిరి. మన బిడ్డలకు బడిలో తెలుగు దొరకుట ఎంత కష్టమో, 2006 నాటి చట్టము పిమ్మట ఏమైనదో మీ రెరుగుదురు. తొట్టెవద్ద పాడు జోలకు ఏ చట్టమును అడ్డురాదు. అందులకు బ్యాటరీయు అక్కరలేదు.

తుదకొక విన్నపము. మన యిండ్ల అటకలపై టేకు తొట్టెలు ధూళి పట్టియున్నవి. వానిని సంఘ కార్యాలయమునకు చేర్చినచో, కావలసినవారికి ఆరేసి నెలలకు ఇచ్చి తిరిగి పుచ్చుకొనవచ్చును. పద్దు మేము వ్రాయుదుము. తొట్టె తెచ్చువారు గొలుసులను, కొక్కెములను మరువక తేవలెను. తుప్పుపట్టినవి యున్నచో మార్పించు వ్యయము మాది.