మలివయసులో లెస్బియన్ మహిళలు: ఆరోగ్యం, తోడు, హక్కులు

స్త్రీనే ప్రేమించి, స్త్రీతోనే జీవితం పంచుకున్న మహిళలు సిద్దిపేట లాంటి పట్టణాల్లో సాధారణంగా స్నేహితురాళ్లుగానే చెలామణి అవుతారు. అసలు బంధం బయటపెట్టే వీలుండదు.

1998లో ఇద్దరు స్త్రీల ప్రేమను చూపిన ‘ఫైర్’ సినిమా ఆడుతున్న థియేటర్లపై దాడులు జరిగినప్పుడు ఢిల్లీలో లెస్బియన్ హక్కుల ప్రచారోద్యమం మొదలైంది. మరుసటి ఏడాది కోల్‌కతాలో ‘శాఫో’ అనే లెస్బియన్ మహిళల సంఘం పుట్టింది. ఆనాడు రోడ్డెక్కిన తరానికి ఇప్పుడు వయసు మీద పడుతోంది. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. పెళ్లి హక్కు కోసం హైదరాబాద్ పురుష జంట ఒకటి ముందు నిలిచిన కేసులో మాత్రం 2023 అక్టోబర్ 17న అదే కోర్టులో నిరాశే మిగిలింది.

పెళ్లి హక్కు లేని లోటు ఆసుపత్రిలో బాగా తెలుస్తుంది. ‘పేషెంటుకు మీరేమవుతారు?’ అని కౌంటర్ దగ్గర అడిగితే, ముప్పై ఏళ్లు కలిసి బతికిన మనిషి కూడా నీళ్లు నమలాల్సిందే. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక చికిత్స విషయంలో ఎవరినైనా ప్రతినిధిగా రాసిపెట్టుకోవచ్చు. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవచ్చని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలోనూ వారిని ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు సూచించింది. ఇంత ముఖ్యమైన సంగతి జిల్లాల్లో ఇంకా గట్టిగా వినిపించాలి.

ఇక ఆరోగ్యం సంగతికి వస్తే, మగవారితో సంబంధం లేని స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాదనుకోవడం పొరపాటు. దానికి కారణమైన హెచ్‌పీవీ వైరస్ స్త్రీల మధ్య కూడా సోకుతుంది. ముప్పై దాటిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసే ఉచిత పరీక్ష వీరికీ అవసరమే. ఒంటరితనం, దిగులు వేధిస్తున్న వయోవృద్ధులు తమ కోసమే ఉన్న హెల్ప్‌లైన్ 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు.