స్త్రీలకు వచ్చు రాచపుండు: గ్రామపెద్దల కర్తవ్యము



1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. నాటినుండి సేద్యమును గూర్చియు, పంటల తెగుళ్ళను గూర్చియు ఎన్నియో ప్రసంగములను మన పల్లెలవారు రచ్చబండకడ గూర్చుండి వినియున్నారు. నేడు నేను చెప్పబోవు సంగతి మాత్రము రచ్చబండకడ చెప్పుకొను అలవాటు మనకు లేదు. స్త్రీల స్తనమునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు. దానికై ప్రభుత్వము చేసిన యేర్పాటులు. అవి మన యాడువారికి అందుటలో పెద్దలు చేయవలసిన పని. ఇదియే నేటి విషయము.

మా యింటి సంగతితోనే ఆరంభింతును. మా వదినగారు దివిసీమలోని యొక పల్లెలో నుండెడివారు. ఒకనాడు స్నానము చేయుచుండగా రేగుగింజయంత గడ్డ చేతికి దగిలినది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి వైద్యుడెందుకని ఊరకుండిరి. కొన్ని నెలలకు మా అన్నగారితో చెప్పిరి. ఆయన నాతో చెప్పిరి. అవి వరికోతల దినములు. “కుప్పలు వేసిన పిమ్మట చూతము” అన్నవాడను నేనే. కుప్పలు వేసితిమి, నూర్పులైనవి, సంక్రాంతి గడచినది. బెజవాడకు తీసికొనిపోవునప్పటికి వ్యాధి చంకలోనికి బ్రాకియుండెను. రెండేండ్లు చికిత్స పొంది ఆమె కాలము చేసిరి. వైద్యమునకు డబ్బు కొఱత పడలేదు. ప్రభుత్వ పథకము క్రిందనే జరిగినది. కొఱత పడినది కాలము. దానిని వృథా చేసినవారము మేము.

ఈ వ్యాధి మొదట నొప్పింపదు. అదియే దీని మోసము. నొప్పిలేని గడ్డ, చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి లాగుకొనుట, దానినుండి రక్తము స్రవించుట, చంకలో బిళ్ళ కట్టుట – ఇవి గుర్తులు. గడ్డలన్నియు రాచపుండ్లు కావు, పెక్కు హానిలేనివే. కాని ఏది ఏదియో పరీక్షవలననే తెలియును. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమును గాదు. సూది గ్రుచ్చి పరీక్షించినచో వ్యాధి వ్యాపించునను మాట వట్టి అపోహ.

ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాలయపు అంచనా ప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినది. 98,000 మందికి పైగా మరణించిరి. తొలిదశలో కనుగొన్నచో నయమగువారే పెక్కుమంది. కృష్ణ కరకట్టకు ఎలుకబొరియ పడినప్పుడు గంపెడు మన్నుతో పూడ్తుము గాని, గండి పడువఱకు వేచియుండము గదా!

ఇక ప్రభుత్వపు టేర్పాటులు. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము పుట్టెను. పేరు పలుమారులు మారి, 2024 నుండి ఎన్టీఆర్ వైద్యసేవ యనబడుచున్నది. పేరేదైనను, అర్హతగల కుటుంబములకు శస్త్రచికిత్స, మందుల చికిత్స, కిరణచికిత్స ఈ పథకము క్రింద లభించుచున్నవి. పథకములో జేరిన ఆస్పత్రులలో దారి చూపు ఉద్యోగియు నుండును.

రెండవది ముందుగా కనుగొను కార్యక్రమము. కేంద్రప్రభుత్వము 2016లో ఇచ్చిన సూచనల ప్రకారము, ముప్పది యేండ్లు నిండిన ప్రతి స్త్రీకిని ఐదేండ్ల కొకసారి శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త రొమ్ము పరీక్ష చేయవలెను. అనుమానమున్నచో పెద్దాస్పత్రికి పంపవలెను. నోటి, గర్భాశయముఖపు క్యాన్సర్లకును ఇట్టి పరీక్షలే విధింపబడినవి.

చేతితో చేయు ఇంతటి చిన్నపరీక్షవలన ఏమి ప్రయోజనమని కొందరడుగుదురు. బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఆరంభించి, ఒక లక్షా యేబదివేల మందికి పైగా స్త్రీలను ఇరువది యేండ్లు గమనించిరి. సగముమందికి రెండేండ్ల కొకసారి ఈ పరీక్ష జరిగెను. చేసినవారు వైద్యురాండ్రు గారు. శిక్షణ పొందిన సామాన్య స్త్రీలు. 2021లో వెలువడిన ఫలితములను బట్టి, పరీక్ష పొందినవారిలో వ్యాధి మునుపటి దశలోనే పట్టుబడినది. ఏబదియేండ్లు దాటినవారిలో మరణములు నూటికి ముప్పదివంతున తగ్గినవి. అంతకు చిన్నవారిలో మరణములు అట్లు తగ్గలేదు. కావున ఏ వయస్సువారైనను గడ్డ కనబడినచో పరీక్షవంతు వచ్చువఱకు ఆగరాదు.

ఇట్టి పరీక్షను మనవారెందరు పొందుచున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశములో ముప్పదినుండి నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో ఎన్నడైనను రొమ్ము పరీక్ష జరిగినవారు నూటికి ఒక్కరైనను లేరు. ఏర్పాటు కాగితముపై నున్నది. అది ఇల్లు చేరుట లేదు. కార్యకర్తల కొఱతయు, పనిభారమును కొంత కారణము. మన గడపలోనున్న సిగ్గు మిగిలిన కారణము. ఆ కార్యకర్త వచ్చినప్పుడు “మా యింట అందరును బాగున్నారు” అని వీధినుండియే పంపివేయునది మనమే కదా?

పెద్దలను నేను గోరునవి మూడు. మొదటిది, గ్రామసభలో అడుగుడు: “మన యూర ఎందరికి పరీక్ష జరిగినది? అనుమానించి పంపినవారిలో ఎందరు ఆస్పత్రికి చేరిరి?” నీటివంతు అడిగినంత గట్టిగా అడుగుడు. రెండవది, ఆడువారు ఒక్క మాట చెప్పిన దినముననే ప్రయాణము కట్టుడు. గడ్డతో వైద్యుని జేరినది మొదలు అరువది దినములలో రోగనిర్ణయము జరుగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ గురి నిర్ణయించినది. మన యింట గడచు దినములు ఆ లెక్కలోనికి రావు. వానిని మనమే తగ్గింపవలెను. మూడవది, ఆరంభించిన చికిత్సను నడుమ విడువనీయకుడు. ఊడ్పులని, పెండ్లియని, కొంత నిమ్మళించినదని మానిన మందు మరల వ్యాధికి త్రోవ యిచ్చును. బస్సు ఖర్చునకు, తోడుపోవుటకు, ఇంట పిల్లలను చూచుటకు ఊరు సాయపడవలెను.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో సహచరులతో గలసి సాధించిన మెథోట్రెక్సేటు, ఆయన 1948లో గతించిన పిమ్మట, పెక్కేండ్లు ఈ వ్యాధికిచ్చు మందులలో ఒకటియై యుండెను. మన డెల్టాలబిడ్డ మందు ప్రపంచమెల్ల దిరిగినది. మన యింటి యాడువారు మాత్రము మందున్నచోటికి నలుబది మైళ్ళు పోలేక మరణింపనేల?

ఈ రాత్రి ఇంటికేగి మీ యింటి పెద్దముత్తయిదువతో ఈ సంగతి చెప్పుడు. ఆమె తక్కినవారితో చెప్పుకొనును. మా వదినగారికి నేను చేయలేనిపోయిన పని ఇంతియే.

సెలవు.