పాత యింటి మరమ్మతు



మా తాతగారు కట్టించిన మండువా లోగిలి గోదావరి డెల్టాలో నున్నది. ఇటుక గోడలు, డంగు సున్నము, టేకు స్తంభములు, పైన పెంకు. 2004వ సంవత్సరమున దానిని బాగుచేయింపబూని నేను రెండు పొరపాట్లు చేసితిని. పాత యింటిపై చేయి వేయనెంచినవారు వానిని ముందుగా వినుట మేలని నేడు మాటలాడుచున్నాను.

గోడల అడుగున పూత పెచ్చులూడుచుండెను. సిమెంటు పూయించినచో శాశ్వతముగా నిలుచునని తలంచితిని. ముసలి తాపీమేస్త్రి యొకడు "చెమ్మకి దారి మూసేస్తున్నారు బాబూ" అనెను. చాదస్తమనుకొంటిని. మా ప్రాంతమున నేలలో నీరు చాల పైననే యుండును. పునాదిపై చెమ్మ నాపు పొర లేని పాత గోడలు, వత్తి నూనెను పీల్చినట్లు, ఆ నీటిని పైకి పీల్చుకొనును. సున్నపు పూతలో సన్నని రంధ్రములుండుటచే ఆ తడి యెప్పటికప్పుడు గాలిలో కలసిపోవును. గట్టి సిమెంటు పూత దానిని లోపలనే నిలుపును. దారి లేని తడి మరింత పైకెక్కును. మూడవ వర్షాకాలమునకు మా అమ్మగారి గదిలో చెమ్మ నడుమెత్తున కెక్కెను. ద్వారబంధము అడుగు పుచ్చెను. ఆమె మంచమును గోడకు దూరముగా జరిపించుకొనిరి. నన్నొక్క మాటయు అనలేదు.

రెండవది మండువా. వాన పడుచున్నదని, కోతులు దిగుచున్నవని దానిపై సిమెంటు కప్పు వేయించితిని. వాన పడుటకే గదా మండువా! నాలుగు వైపుల నీరు తూము గుండా బయటికి పోవును. ఇంటిలోని వేడిగాలి పైకి పోవును. కప్పు పడిన తరువాత మిట్టమధ్యాహ్నము దీపము వెలిగింపవలసి వచ్చెను. పగలు కాగిన కప్పు రాత్రియంతయు వేడిని ఇంటిలోనికి విడుచుచుండెను.

2008లో ఆ మేస్త్రినే బ్రతిమాలి పిలిపించితిని. సిమెంటు నూడదీయుట సులభము కాదు. ఇటుక ముఖము కూడ దానితో వచ్చును. గోడలను ఒక వేసవి యంతయు ఎండనిచ్చి, బాగుగా నానిన సున్నముతో కరక్కాయ, బెల్లపు నీరు కలిపి పలుచని పూతలుగా వేసిరి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. తొందరపడినచో బీటలు వారును. కూలి యెక్కువే అయినది. మండువాపై కప్పు తీయించి ఇనుప ఊచలు వేయించితిని. కోతులకు అవి చాలును.

సిమెంటును నిందించుట నా యుద్దేశము కాదు. స్నానపు గదికి, నీటి తొట్టికి అదే తగినది. పెరటిలో క్రొత్తగది కట్టించినపుడు కేరళలో లారీ బేకరుగారు (1917–2007) ప్రచారమునకు తెచ్చిన పద్ధతి ననుసరించితిని. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ ఖాళీ విడుతురు. ఇటుక సుమారు నాలుగవ వంతు మిగులును, వేడియు తగ్గును.

అమ్మగారి మంచము మరల గోడప్రక్కకు వచ్చినది. ద్వారబంధమును మాత్రము పూర్తిగా రక్షింపలేకపోతిమి. అడుగు కోసి క్రొత్త చెక్క అతికించితిమి. ఆ అతుకు నేటికిని కనబడుచున్నది.